మోత్కూరు మల్లిక త్రివిధ సమరము

రెండు చక్రములకు, రెండు పాదములకు, మూత బిగించిన నాలుగు ఖాళీ నూనె డబ్బాలకు ముందుగా నమస్కరించి, పిదప నీటికిని, గాలికిని, తారురోడ్డునకును ప్రణమిల్లి, ఈ వీరగాథ నారంభించుచున్నాను. వినువారు కుదురుగా కూర్చుండుడు. కూర్చుండ వీలులేనివారు గోడ కానుకొనుడు. తెలంగాణ రాష్ట్రము అవతరించిన పదియవ సంవత్సరమున, శరదృతువున, సద్దుల బతుకమ్మ ముగిసిన నాలుగవ నాడు, సూర్యభగవానుడు నడినెత్తిన వెలుగుచు, కరెంటు సైతము పోక నిలిచియున్న శుభముహూర్తమున, ఎఱ్ఱనేలల నడుమ, ప్రత్తిచేల నడుమ, నల్లరాతి గుట్టల నడుమ వెలసిన మోత్కూరు పట్టణమునందు, బస్టాండున కెదురుగా నున్న యొక జిరాక్సు దుకాణమున ఈ కథకు అంకురార్పణము జరిగెను.

ఆ దుకాణమునకు అధీశ్వరి మల్లిక. ముప్పదియాఱేండ్ల వయస్సుది, మగ్గము నేయు కమలాకరునకు ధర్మపత్ని, ఆధార్ కార్డు ఇరుముఖములను ఒక్క కాగితముపై వంకరలేకుండ దించుటయందు సాటిలేని మేటి, లామినేషనునందు బుడగ రానీయని ధీర, పాసుపుస్తకములు చేతబట్టిన రైతులు పదిమంది ఒక్కపెట్టున మీదికి వచ్చినను కన్ను చెదరని స్థిరచిత్త. అట్టి వీరనారిని భయపెట్టగల వస్తువు లోకమున ఒక్కటే యుండెను. అది నీరు. తొమ్మిదవ యేట మేనమామ ఊరి వాగులో కాలుజారి, మూడు గుటకల బురదనీరు త్రాగి, నాలుగవ గుటకకు ముందు ఎవరో జుట్టు పట్టి లాగగా బయటపడిన నాటినుండి, ఆమె మోకాలు మునుగు నీటిలో అడుగిడి యెఱుగదు. అత్తవారింటికి వచ్చిన పదకొండేండ్లలో పదకొండు బతుకమ్మలను పేర్చి, పదకొండింటిని చెఱువు వఱకు మోసి, అచ్చట మఱొకరి చేతి కందించి, తాను గట్టుమీదనే నిలిచి చప్పట్లు కొట్టినది.

అట్టి మల్లిక సన్నిధికి ఆనాడు హైస్కూలు వ్యాయామోపాధ్యాయుడగు ఐలేశము, చేత నొక కరపత్రము ధరించి విచ్చేసెను.

“మల్లికక్కా, గీది రెండు వందల కాపీలు కొట్టు. జర నల్లగ రావాలె.”

మల్లిక యంత్రమును గర్జింపజేసి, వెలువడిన మొదటి ప్రతిని వెలుతురున కెత్తి చదివెను. నల్లగొండలోని సైకిలు మిత్రులు కొందఱు కూడి, జనవరి మాసపు నాలుగవ ఆదివారమున, పానగల్లు కడ నున్న ఉదయసముద్రమను జలాశయమునందు, ఎన్నడును ఇట్టి పని చేసి యెఱుగని కొత్తవారి కొఱకు ట్రయాథ్లాను జరుపుదురట. నాలుగు వందల మీటర్ల ఈత; అది ముగియగనే పదునైదు కిలోమీటర్ల సైకిలు; అదియు ముగియగనే నాలుగు కిలోమీటర్ల పరుగు. నడుమ విశ్రాంతి లేదు. సర్వమును రెండు గంటల పదునైదు నిమిషములలో సమాప్తము కావలెను.

“గిదేంది సార్? ఒక్కటి సాలదా? మూడెందుకు?” అని మల్లిక అడిగెను.

“గదే మరి దీని గొప్ప. ఈదుడు, తొక్కుడు, ఉరుకుడు. ఒకటెనక ఒకటి. మన మోత్కూర్ల కెల్లి ఒక్కలన్న పేరిస్తరేమో అని ఊరంత తిరిగిన. ఎవలు ముందటికొస్తలేరు.”

సరిగా ఆ క్షణమున మల్లిక అత్తగారు వెంకటనర్సమ్మ, మధ్యాహ్నభోజనపు టిఫిను డబ్బా పట్టుకొని దుకాణములో అడుగుపెట్టెను. అఱువదియాఱేండ్లది. జీవితకాలము నూలు చుట్టి చుట్టి ముంజేతులు వేపకొమ్మలవలె గట్టిపడినది. ఈ అత్తాకోడండ్ర నడుమ పదకొండేండ్లలో కలహ మన్నది లేదు. మాటయు అంతగా లేదు. ఉప్పు తగ్గిన దనియు, మబ్బు పట్టిన దనియు, గ్యాసు అయిపోయిన దనియు, ఇట్టి ముక్తసరి పలుకులతో కాలము సాగుచుండెను.

“ఈదుడా?” అనెను వెంకటనర్సమ్మ. “మా కోడలునైతే అడుగకు సారు. బతుకమ్మనాడు గట్టు దిగదు. గంగాళంల నీళ్ళు కదిలితే రెండడుగులు ఎనకకు వొయ్యే మనిషి.”

ఆమె ఆ మాట ద్వేషముతో అనలేదు. ఎండ ఎక్కువగా నున్నదని చెప్పినట్లు చెప్పినది. కాని కాపీలకై వేచియున్న ఇద్దఱు మనుష్యులు నవ్విరి. అదే సమయమున యంత్రమున కాగితము ఇఱుకుకొని, గర్జన ఆగి, దుకాణమంతట నిశ్శబ్దము వ్యాపించెను. ఆ నిశ్శబ్దమున మల్లిక తలయెత్తి, కుడిచేతిని యంత్రముపై నుంచి, బస్టాండులోని కండక్టరులకు సైతము వినబడునట్లు ఇట్లు ఘోషించెను:

“సార్, నా పేరు రాసుకో! ఇనుండ్రి అందరు. గీ మిషన్ మీద చెయ్యి వెట్టి చెప్తున్న. నేను ఈదుత. నేను తొక్కుత. నేను ఉరుకుత. గా ఉదయసముద్రంల దిగి, ఈది, మల్ల ఒడ్డెక్కకపోతే నా పేరు మల్లికనే కాదు. బయట బోర్డు మీద మల్లిక జిరాక్స్ అని ఉన్నది చూసిండ్రా? దాన్ని గూడ పీకేపిస్త!”

యంత్రము మిక్కిలి వేడిగా నుండుటచే ఆమె చేతిని వెంటనే తీసివేసెను గాని, ప్రతిజ్ఞ మాత్రము నిలిచెను. ఐలేశము జేబులోని కలము తీసి పేరు వ్రాసుకొనెను. వెంకటనర్సమ్మ టిఫిను డబ్బాను బల్లపై పెట్టి, “పప్పు సల్లారుతది. తిను,” అని వెడలిపోయెను.

ఆ సాయంకాలము ఈ వార్త కమలాకరునకు మగ్గము కడ తెలియజేయబడెను. అతడు పోగుల నడుమ దారము నడుపు నాడెను ఆపి, భార్యవైపు తిరిగెను.

“నీకు ఈత రాదు గదా?”

“రాదు.”

“మరి?”

“వస్తది.”

కమలాకరుడు తల పంకించి మరల నేత సాగించెను. అతడు దారము తెగినప్పుడు కూడ ఇంతకన్న ఎక్కువ మాటలాడు స్వభావము కలవాడు కాడు.

పిమ్మట మూడు దినములపాటు మల్లిక, దుకాణము మూసి ఇంటికి వచ్చినంతనే నులకమంచముపై బోర్లపడి, ముందట సెల్లుఫోను నిలబెట్టి, అందు కనబడు ఈతగాండ్రను చూచుచు చేతులును కాళ్ళును ఘోరముగా ఆడించుచుండెను. మంచము కిఱ్ఱుకిఱ్ఱు మని మొఱపెట్టెను. మూడవనాడు వెంకటనర్సమ్మ గడపలో నిలిచి, ఈ నిర్జలతరణమును ఆద్యంతము తిలకించి, చివరకు పలికెను.

“మంచంల ఎవలు మునుగరు, ఎవలు తేలరు. తెల్లారి నడువ్, బాయికాడికి పోదాం.”

మల్లిక లేచి కూర్చుండెను. “నీకు ఈతొస్తదా అత్తమ్మా?”

అంత వెంకటనర్సమ్మ మంచపుకోడుపై చేయి ఆనించి, పదకొండేండ్ల మౌనమును ఒక్కమాఱుగా పగులగొట్టుచు, ఈ విధముగా ఉపన్యసించెను: “ఈతా? మా అవ్వగారి ఊర్ల అరవై మెట్ల బాయి ఉంటుండె. మొగపిల్లగాండ్లు మెట్లు దిగి మెల్లగ నీళ్ళల్లకు వొయ్యేటోళ్ళు. నేను మీది కెల్లి దునికేదాన్ని. అడుగుకు వొయ్యి, పిడికిట్ల మట్టి వట్టుకొని, పైకొచ్చి అందరికి జూపెట్టేదాన్ని. పెండ్లయినంక, కోడలు పిల్ల బాయిల దునుకుతె బాగుండదని అన్నరు. దునుకుడు బందు వెట్టిన. నలభై ఎనిమిదేండ్లాయె. నీకు ఈతొస్తదా అని ఈ ఇంట్ల ఇయ్యాల్టి దాంక నన్ను ఒక్కలు అడుగలే. నువ్వే అడిగినవ్.”

ఇట్లు పలికి ఆమె వంటింటిలోనికి పోయి, ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాలు నాలుగింటిని ఏఱి, మూతలు బిగించి, నూలుత్రాటితో కట్టసాగెను.

ఊరికి కిలోమీటరు దూరమున ఎల్లేశమను రైతు పొలములో విశాలమైన బావి కలదు. ఇరువదిరెండు మెట్లు. ఆ యేటి వానలకు పదునాఱు మెట్లు నీట మునిగి, ఆఱు మాత్రమే పైకి కనబడుచుండెను. మరునాటి ప్రాతఃకాలమున, అత్త ముందును కోడలు వెనుకయుగా, డబ్బాలు డబడబ మ్రోగుచుండగా, ఆ జైత్రయాత్ర పొలముగట్లవెంట సాగెను. బావి కడకు చేరినంత వెంకటనర్సమ్మ చీరకుచ్చిళ్ళను వెనుకకు దోపి, ఒక్కమాట కూడ ఆడక, ఒడ్డునుండి ఎగిరి లోనికి దుమికెను.

అవతల మోటారు స్విచ్చి వేయుచున్న ఎల్లేశము దీనిని చూచి, “అయ్యయ్యో! ముసలామె బాయిల వడ్డది!” అని హాహాకారము చేయుచు పరుగెత్తి వచ్చెను. నీటిపై బుడగలు లేచెను. పిదప అవియు ఆగెను. ఎల్లేశము చొక్కా విప్పుచు రెండవ గుండీ వద్దకు రాగా, బావి నడుమ నెఱసిన తల యొకటి పైకి లేచెను. దాని ప్రక్కనే పిడికెడు నల్లమట్టి పట్టిన చేయి యొకటి లేచెను.

“గుండీలు వెట్టుకో ఎల్లేశం,” అనెను వెంకటనర్సమ్మ. “పిల్లా, దిగు.”

మొదటినాడు మల్లిక మూడవ మెట్టు వఱకు దిగెను. అనగా పాదములు కూడ తడవలేదు. రెండవనాడు నడుము తడిసెను. ఐదవనాడు నాలుగు డబ్బాలను నడుమునకు కట్టుకొని, కన్నులు మూసికొని, రెండుచేతులతో అత్తగారి మెడను గట్టిగా పట్టుకొని, నీటిమీద తేలెను. అత్తగారు ఊపిరాడక “ముందు నా మెడ ఇడువు. నన్ను సంపుతవా ఏంది?” అనినను పట్టు సడలలేదు.

“కాళ్ళు కొట్టు. మొకం ముంచు. బుగ్గలల్ల గాలి వట్టి మెల్లగ ఇడువు. గా పాము దిక్కు జూడకు, అది నీరుకట్టె, దానికి నీకంటె ఎక్కువ భయం,” అను ఉపదేశములు ప్రతిదినము బావిగోడలకు తగిలి ప్రతిధ్వనించెను. పదిదినములకొక డబ్బా చొప్పున మూడు డబ్బాలు విప్పబడెను. గోడ కొక చేయిదూరమున బావిచుట్టు తిరుగుట మల్లికకు అలవాటాయెను. ఊపిరి చాలనప్పుడు గోడను ముట్టి, మరల సాగుచుండెను. డిసెంబరు చివరి వారమున నొకనాడు ఆమె నాలుగు చుట్లు తిరిగి, ఒడ్డుననున్న నూనె డబ్బాను చూచి అరచెను.

“అత్తమ్మా! నా డబ్బా ఊడిపోయింది!”

“ఊడిపోలే. నేనే ఇప్పిన. నువ్వు మొకం ముంచినప్పుడు. మూడు సుట్లాయె.”

ఆ మాట విన్న వెంటనే మల్లిక మునిగెను. పిదప, ఇంతవఱకు మునుగలేదు కదాయని జ్ఞప్తికి రాగా, తేలెను.

ఇట్లు జలవిద్య అభ్యసింపబడుచుండగా, కమలాకరుడు ఎవరికిని చెప్పక, నూలుమూటలు మోసి మోసి నడుము వంగిన తన పాత సైకిలును పెరటిలోనికి తీసికొనిపోయి, కేరియరును విప్పి, గొలుసునకు నూనె పట్టించి, సీటునకు మెత్తని పాతగుడ్డను నాలుగు పొరలుగా చుట్టి కుట్టెను. బెల్లును మాత్రము విప్పలేదు. “తొవ్వల మందొస్తరు,” అని మాత్రము చెప్పెను.

అంతట నియమిత దినము రానే వచ్చెను. పొగమంచు దుప్పటివలె కప్పుకొనియున్న ఉదయసముద్రపు టొడ్డున, ఏడుగంటలకు ముందు, ఎల్లేశపు ట్రాలీఆటోనుండి మల్లికయు, అత్తగారును, భర్తయు, ఐలేశమును, సైకిలును అవతరించిరి. అచ్చట కూడిన యోధగణమును ఏమని వర్ణింతును! హైదరాబాదు నుండి వచ్చినవారు కొందఱు మెడనుండి మడమవఱకు నల్లని రబ్బరు కవచములు తొడిగియుండిరి. కొందఱి సైకిళ్ళు ఒక్క వ్రేలితో పైకెత్తదగినట్లుండెను. కొందఱి చేతి గడియారములు వారి గుండెను లెక్కించుచుండెను. మల్లిక మోచేతుల వఱకు చేతులున్న టీషర్టును, పాత లెగ్గింగును ధరించి, తలకు నారింజరంగు రబ్బరు టోపీ బిగించుకొని నిలిచెను. భుజముపై యాబదియెనిమిది అను సంఖ్య వ్రాయబడెను. కమలాకరుని సైకిలు స్టాండు వేసికొని, ఆ తేలికపాటి సైకిళ్ళ నడుమ, పెండ్లికి వచ్చిన పెద్దమనిషివలె కదలక నిలిచెను.

నియమపాలనకు అధికారిణిగా సింధూజ అను యువతి, మెడలో ఈల, చేతిలో అట్ట, ఒంటిపై మెఱయు పచ్చకోటుతో తిరుగుచుండెను. సరిగా ఏడుగంటలకు ఆమె ఈల యూదెను. నలుబదియేడు నారింజ తలలు ఒక్కపెట్టున నీటిలో పడెను. నీరు తెల్లనాయెను. కాళ్ళు, మోచేతులు, మరల కాళ్ళు. ఒకని మడమ మల్లిక చెవికి తగిలెను. ఆ కలకలము క్షణములో ముందుకు సాగిపోయి, వెనుక మల్లిక యొకతె మిగిలెను.

ఆమె బావిలో నేర్చినట్లే ఈదుచు నూఱు మీటర్లు సాగెను. అచ్చట ఊపిరికై తలయెత్తి, అలవాటు చొప్పున కుడిచేయి చాచెను. చేతికి గోడ తగులలేదు. ఎడమచేయి చాచెను. అటును లేదు. నలువైపుల చూచెను. మంచును నీరును తప్ప ఏమియు లేదు. మూడు మాసములు ఈదిన బావిలో గోడ ఎప్పుడును చేరువలోనే యుండినది. ఈ సముద్రమునకు గోడయే లేదన్న సంగతి ఆమెకు ఆ క్షణమునకు గాని తట్టలేదు. తొమ్మిదవ యేటి వాగునీటి రుచి గొంతులోనికి వచ్చెను. కాళ్ళు రాళ్ళాయెను. ఒక గుటక మ్రింగెను. రెండు మ్రింగెను.

అప్పు డామె ముందుకు నల్లని గుండ్రని పుట్టి యొకటి జరిగి వచ్చెను. దానిలో నడివయస్సు జాలరి యొకడు, తువ్వాల చెవులకు చుట్టుకొని, తెడ్డు పట్టి కూర్చుండెను. ఆపదలో నున్నవారిని ఎక్కించుకొనుట అతని కర్తవ్యము. మల్లిక పుట్టి అంచును రెండుచేతుల పట్టుకొనెను.

“ఎక్కుతవా అక్కా? ఎక్కితే ఎక్కు. పొద్దుగాల్నుంచి ఖాళీగనే కూసున్న,” అని అతడు సాదరముగా ఆహ్వానించెను.

“ఎక్కితే ఏమైతది?”

“ఏంగాదు. ఆట కెల్లి తీసేస్తరు. ఒడ్డుకు వొయ్యి చాయ్ తాగొచ్చు.”

మల్లిక పండ్లు కటకట కొట్టుకొనుచుండెను. చాయ్ అను పదము ఆ చలిలో ఎంత మధురముగా వినబడినదో వర్ణించుటకు భాష చాలదు. ఆమె పుట్టి అంచును చూచెను. అది వంపు తిరిగి, నల్లగా, తడిగా, చేతులలో నిలిచియుండెను. చూచి, చూచి, ఆమె ఇట్లనెను:

“అన్నా, నేను ఎక్క. నిన్ను పట్టుకోను గూడ. నువ్వు జర నా పక్కపొంటి రా. గోడ లెక్క ఉండు. అంతే.”

ఆ జాలరి ఇరువదియేండ్లుగా చేపలు పట్టుచున్నవాడు. గోడవలె నుండుమని అతనిని ఇంతవఱకు ఎవరును అడుగలేదు. “గట్లనా? సరె. నడువ్ మరి,” అని తెడ్డు వేసెను. మల్లిక చేతులు వదలెను. పుట్టి ఒక చేయిదూరమున మెల్లగా సాగెను. దాని ప్రక్కన మల్లిక, ఊపిరి చాలనప్పుడెల్ల ఆ నల్లని అంచును కంటితో తాకుచు, కాళ్ళు కొట్టుచు, ముఖము ముంచుచు, మలుపునకు గుర్తుగా నీటిపై తేలవిడిచిన నారింజ బెలూనును చుట్టి, ఒడ్డువైపునకు తిరిగెను. పుట్టిని గోడగా భావింపరాదని నియమావళిలో ఎచ్చటను లేదు. ఈతకు విధించిన గడువు ఇరువదియైదు నిమిషములు. ఇరువదినాలుగవ నిమిషమున ఆమె మోకాళ్ళు బురదకు తగిలెను.

ఒడ్డున వెంకటనర్సమ్మ నడుములోతు నీటిలోనికి వచ్చి నిలిచియుండెను. ఎప్పుడు దిగినదో, ఎంతసేపు నిలిచినదో చీర చెప్పుచుండెను. ఆమె కోడలిని ఆపాదమస్తకము చూచి, “ఆల్శం చేసినవ్. ఉరుకు,” అనెను.

సైకిళ్ళ కడ మఱొక యుద్ధము కాచియుండెను. తడికాలికి సాక్సు ఎక్కించుటకు మల్లిక చేసిన మూడు ప్రయత్నములు విఫలములాయెను. సాక్సు మడమ వద్ద చుట్టుకొని, ముందునకు రాదు, వెనుకకు పోదు. వెంకటనర్సమ్మ నేలపై చతికిలబడి, కోడలి పాదమును తన ఒడిలోనికి లాగుకొని, కొంగుతో తుడువసాగెను. మల్లిక ఉలికిపడి కాలు వెనుకకు లాగుకొనబోయెను. ఆ వేపకొమ్మ ముంజేతుల నుండి కాలు రాలేదు.

సింధూజ పరుగున వచ్చెను. “అమ్మా, అమ్మా! బయటోళ్ళు ముట్టుకోవద్దు. రూల్ ఉన్నది.”

“నేను బయటిదాన్నా?” అని వెంకటనర్సమ్మ తలయెత్తెను. “నేను ఆమె అత్తను.”

సింధూజ అట్టపైనున్న నియమములను పైనుండి క్రిందికి చదివెను. క్రిందినుండి పైకి చదివెను. అత్తలను గూర్చి అందేమియు లేదు. అంతలో రెండు సాక్సులును ఎక్కెను.

సైకిలుపై మొదటి ఏడు కిలోమీటర్లు నిర్విఘ్నముగా సాగెను. మలుపు తిరిగి వచ్చుచుండగా, నూలుమూటలు మోసిన ఆ పాత చక్రములు గట్టివని తెలిసి, మల్లిక తన ముందు పోవుచున్న నీలిరంగు టోపీవానిని సమీపించెను. ఇంక ఇరువది బారలు. పదిబారలు. నీలిటోపీ దాటిపోయెను. అతని వెనుకనే, ప్రక్కపొలమునుండి ఒక గొఱ్ఱె రోడ్డెక్కెను. దాని వెనుక రెండు. వాని వెనుక తెల్లనివి, నల్లనివి, మచ్చలవి, కుంటునవి, పిల్లలతో కూడినవి, మేఘములవలె, ప్రళయమువలె రోడ్డు నిండిపోయెను. మల్లిక బెల్లు కొట్టెను. ఒక్క గొఱ్ఱె తలయెత్తి చూచి, మరల తలదించుకొనెను.

ఆ సేనకు నాయకుడు గండయ్య. భుజమున గొంగడి, చేత కఱ్ఱ. మల్లిక భుజముపైనున్న అంకెను చూచి, జాలిపడి పలికెను.

“జర ఆగు బిడ్డా. ఐపోవచ్చింది. ఇంక రెండు వందలే ఉన్నయ్.”

“తాతా, నాకు టైమున్నది! ఉరుకుతున్న!”

“సైకిల్ తొక్కుతున్నవ్ గదా, ఉరుకుతున్న అంటవేంది?” అని గండయ్య న్యాయముగా సందేహించెను. “ఎక్కడికి పోతున్నవ్?”

“ఎక్కడికి లేదు. బయలెల్లిన కాడికే పోవాలె.”

గండయ్య దీనిని కొంతసేపు లోలోపల త్రిప్పి చూచెను. బయలుదేరిన చోటికే పోవుటకు ఇంత తొందర యేలయో అతనికి బోధపడలేదు. అయినను ఆమె ముఖమున నున్న దైన్యమును చూచి, కఱ్ఱను అడ్డముగా పట్టి, నాలుకతో టక్కుటక్కు మనిపించి, మంద నడుమ సన్నని త్రోవ చీల్చెను. మల్లిక సైకిలు దిగి, దానిని నడిపించుకొనుచు, ఉన్నిసముద్రమున మోకాలులోతు నడిచి, ఆఱు నిమిషముల తరువాత ఆవలియొడ్డున ఎక్కెను. నీలిటోపీ కనుచూపుమేరలో లేదు.

పరుగును గూర్చి నేను విస్తరించి చెప్పను. నాలుగు కిలోమీటర్లలో రెండు పరుగెత్తెను, ఒకటి నడిచెను, మిగిలిన దానిని ఏమనవలెనో తెలియదు. పిక్కలలో ముడులు పడెను. దాహపు నీళ్ళబల్ల కడనున్నవారు బల్ల మడచి పోయిరి. ఎదురుగా, పతకములు మెడలో వేసికొని కార్లలో ఇండ్లకు మరలుచున్న యోధులు కనబడి, అద్దములు దించి, “కమాన్ ఆంటీ!” అని కేకలు వేసిరి. ముప్పదియాఱేండ్ల మల్లికకు ఆ సంబోధన పిక్కల నొప్పికన్న ఎక్కువ బాధించెను. కోపముతో రెండువందల మీటర్లు వేగముగా పరుగెత్తెను.

ఇక్కడ ఇట్లుండగా, అక్కడ గమ్యస్థానమున ఘోరసంగ్రామము నడుచుచుండెను. గీతపై నిలిపిన ద్వారము గాలితో ఉబ్బిన రబ్బరుగుడ్డది. దాని క్రింద మిషను గుఱ్ఱుమని ఊదుచున్నంతకాలమే అది నిలుచును. దానిని కిరాయికి తెచ్చినవాడు తొమ్మిది దాటి పది నిమిషములు కాగా మిషను ఆపివేసెను.

“నాకు తొమ్మిదింటి దాంకనే చెప్పిండ్రు. ఇంకో ఫంక్షన్ ఉన్నది. గేటు తీస్కపోవాలె.”

వెంకటనర్సమ్మ తడిచీరతో అతనికి అడ్డుగా నిలిచెను. ఆనాటి ఆమె భాషణము ఇట్టిది: “తొమ్మిదింబావు దాంక టైమున్నదని కాయితం మీద రాసి ఉన్నది. నా కోడలు ఆ కాయితం నమ్మే వచ్చింది. మూన్నెల్లు బాయిల నానింది. సచ్చేంత భయం వెట్టుకొని సముద్రం ఈదింది. ఇప్పుడు తొవ్వల ఉన్నది, వస్తున్నది. వచ్చెటాల్లకు గేటు ఉండాలె. నీ మిషన్ల గాలి లేకుంటే చెప్పు, నేను ఊదుత!”

కిరాయివాడు ఒకడుగు వెనుకకు వేసెను. కాని గాలికి మాటలు వినబడవు. ద్వారము నడుము విఱిగి, మెల్లమెల్లగా వంగసాగెను. అంతట, తెల్లవారినది మొదలు ఒక్కమాట పలుకని కమలాకరుడు పోయి ఎడమకాలు వంటి రబ్బరుస్తంభమును రెండుచేతుల పైకెత్తి పట్టుకొనెను. ఐలేశము కుడిస్తంభమునకు షామియానా వెదురు ఒకటి ఆనించెను. నడిభాగము వ్రేలాడుచునే యుండెను.

మలుపు తిరిగిన మల్లికకు కనబడినది అది. తన రాకకు తలవంచుచున్న ఎఱ్ఱని తోరణము. ఒకప్రక్క కన్నులు తేలవేసిన భర్త. ఒకప్రక్క వెదురుతో ఐలేశము. నడుమ చేతులూపుచున్న అత్తగారు. “ఉరుకు పిల్లా! గేటు వడ్తాంది!” అని అరచుచున్నది. మల్లిక ఉరికెను. వంగెను. ఇంకను వంగెను. ఆమె తల గీత దాటుటయు, వెదురు జారుటయు, ద్వారము సమస్తమును ఆ నలుగురిమీద కూలుటయు ఒక్కమాఱే జరిగెను.

కొంతసేపు ఎఱ్ఱని రబ్బరుగుడ్డ క్రింద దగ్గులును మూలుగులును మాత్రము వినబడెను. సింధూజ ఈల విడిచి, నేలపై మోకరిల్లి, గుడ్డ అంచును పైకెత్తి, సాక్సులున్న పాదములను వెదకి, గీతను చూచి, గడియారము చూచెను.

“రెండు గంటల పద్నాలుగు నిమిషాల ముప్పై ఎనిమిది సెకండ్లు. ఐపోయింది. పూర్తి చేసినట్టే.”

గుడ్డను తొలగించి నలుగురిని వెలికిదీసిరి. మల్లిక మెడలో పతకము వేసిరి. ఆమె నేలపై కాళ్ళు బారచాపి కూర్చుండి, కారణము తెలియక ఏడ్చుచు, నవ్వుచు, నీళ్ళసీసా త్రాగుచుండెను.

“ఎన్నో నంబరు?” అని వెంకటనర్సమ్మ విచారించెను.

సింధూజ అట్టను చూచి, గొంతు తగ్గించి చెప్పెను. “నలభై ఏడు అమ్మా. ఈదినోళ్ళు నలభై ఏడు మంది. అక్క నలభై ఏడోది.”

కమలాకరుడు తన గోళ్ళను పరీక్షించుకొనెను. ఐలేశము వెదురును ఎచ్చట తెచ్చెనో అచ్చట పెట్టుటకు పోయెను. మల్లిక సీసాను దించెను. వెంకటనర్సమ్మ మాత్రము కదలక, కన్నులు చిన్నవి చేసి, మఱొక ప్రశ్న సంధించెను.

“పేర్లు రాసిచ్చినోళ్ళు ఎంతమంది?”

“అరవై మూడు.”

“మరి కడమోళ్ళు ఏరి?”

“రాలే అమ్మా. చలి గదా. పండుకొని ఉంటరు.”

వెంకటనర్సమ్మ వ్రేళ్ళు ముడిచి లెక్కించెను. లెక్క తేలినంత కోడలి తలపై చేయి పెట్టి, సింధూజకును, కిరాయివానికిని, పుట్టి ఒడ్డుకు లాగుచున్న జాలరికిని, సైకిలునకును వినబడునట్లు ప్రకటించెను.

“పదహారు మంది మీద గెల్చింది నా బిడ్డ! రాసుకో!”

సింధూజ కలము తీసి, నిజముగనే వ్రాసికొనెను.

కావున సకలజనులకును తెలియజేయునది యేమనగా: మోత్కూరు మల్లిక, ఉదయసముద్రతీరమున, పదునార్గురు మహాయోధులను, దుప్పట్లు కప్పుకొని గుఱ్ఱుపెట్టుచున్న వారిని వారిండ్లలోనే, ఒక్క రక్తపుచుక్క చిందకుండ, ఒక్కరికిని నిద్రాభంగము కలుగకుండ, సంపూర్ణముగా జయించెను.